కడుపులోని పళ్ళు

నా బీరువా కింది అరలో, నలభై మూడు డైరీల అడుగున, ఒక విదేశీ సైన్సు పత్రిక ఉండేది. అట్ట రంగు వెలిసిపోయింది, వెన్ను దగ్గర కుట్టు ఊడింది. కుడివైపు పైమూలన, అది మా ఇంటికి చేరిన తేదీని తెలిపే ఊదారంగు ముద్ర ఉండాలి. లేదు. అదే కట్టలో వచ్చిన మిగతా నాలుగు పత్రికల మీదా ఉంది. వాటి మీద ముద్ర వేసిన చెయ్యి నాదే, దీని మీద వెయ్యకుండా దాచిన చెయ్యీ నాదే. ఆ తరువాత ఏడుసార్లు ఇల్లు మారాను. ఏడుసార్లూ దాన్ని నా చేతులతోనే సర్ది తెచ్చుకున్నాను. ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు విభాగంలో పనిచేసే మనిషిని. కాగితాన్ని ఒక చోట దాచగలిగానేమో గాని చింపి పారేయడానికి మనసు రాలేదు.

పోయిన నెల పుష్ప ఫోను చేయకపోతే అది అక్కడే ఉండేది. పుష్ప నా హైస్కూలు స్నేహితురాలు. రెజిమెంటల్ బజారులో వాళ్ళ నాన్నగారికి ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. ఇప్పుడు ఆమె నడుపుతున్నది.

"ఏందే రూతూ, ఫోన్ ఎత్తనీకి సుత మంచిరోజు చూస్తున్నవా?" అంటూ మొదలుపెట్టింది. "జెర విను. గ్రేసు టీచర్‌కు ఎనభై నిండినయి గద. మన పాత స్టూడెంట్లందరం కల్సి సన్మానం చేస్తున్నం. హాల్ బుక్ చేసిన. డెబ్బై మంది వస్తమన్నరు. ఇంకో మాట, మన స్కూల్ల గా చేప బొమ్మ ఉన్నది చూడు, నువ్వు ఫస్ట్ ప్రైజ్ కొట్టింది, దాన్ని అడిగి తెప్పిస్తున్న. టీచర్ స్టేజీ మీద గదే పాఠం మల్ల చెప్తదట. అడిగితే ఎంత ఖుషీ అయ్యిందో తెలుసా!"

"అది చేప కాదు" అన్నాను.

"చేపనో రొయ్యనో, ఏదైతేంది? పరేషాన్ చెయ్యకు. నువ్వు పక్కపొంటి నిలబడి పుల్లతోని చూపియ్యాలె, అప్పట్ల లెక్కనే."

గ్రేసు టీచర్ అంటే మా నాన్నగారి అక్క, మా అత్తయ్య. ఆమె డెబ్బై మంది ముందు నిలబడి చెప్పబోయే పాఠం తప్పు. తప్పని ఆమెకు తెలియదు. తెలియకుండా చేసిన మనిషిని నేను. సన్మానానికి పదహారు రోజుల వ్యవధి ఉంది.

మా నాన్నగారిది రైల్వేలో సిగ్నళ్ళ పని, రెండేళ్ళకొక ఊరు. నా చదువు చెడిపోతున్నదని నన్ను ఏడో తరగతిలో సికింద్రాబాదు తీసుకువచ్చి అత్తయ్య దగ్గర, నాయనమ్మ దగ్గర దింపి వెళ్ళారు. అక్కడ నేనున్నది నాలుగేళ్ళు. ఏ రోజున ఏం జరిగిందో అడిగితే చెప్పగలను గాని, ఆ కాలం తలుచుకుంటే ముందు గుర్తుకు వచ్చేవి వాసనలు. పొద్దున్నే కిరసనాయిలు స్టవ్వు, దాని మీద పొంగే కాఫీ. పది గంటలకు కింద పుష్ప వాళ్ళ దుకాణంలో బిందెలు తోమే చింతపండు పులుపు. సాయంత్రం అత్తయ్య చీర మడతల్లోంచి రాలే సుద్దముక్కల పొడి. ఆదివారం ఆరాధనకు గుడికి వెళ్ళేటప్పుడు పెట్టె తెరిస్తే తెల్లచీరల్లోంచి కలరా ఉండలు. మేముండేది ఆ దుకాణం పై అంతస్తులో, పదిహేడు మెట్లెక్కితే రెండు గదులు, ఒక వసారా. పాత గిన్నెల సొట్టలు తీసే సుత్తి చప్పుడు పగలంతా నేల గుండా కాళ్ళకు తగిలేది. సుత్తి ఆగిందంటే భోజనాల వేళ అయిందని నాయనమ్మ కంచాలు పెట్టేది. మా ఇంట్లో గడియారం అత్తయ్య చేతికి ఒక్కటే ఉండేది, అదీ మణికట్టుకు లోపలివైపు.

నాయనమ్మ నరసాపురం దగ్గర గోదావరి పాయ ఒడ్డున పుట్టి పెరిగింది. సికింద్రాబాదులో ముప్పై ఏళ్ళున్నా ఇక్కడి చేపతో ఆమెకు సఖ్యత కుదరలేదు. "ఈ చేపకి ఉప్పు తెలీదే అమ్మడూ, బురదొకటే తెలుసు" అనేది. అయినా శనివారం పులుసు తప్పదు. మధ్యాహ్నాలు మేమిద్దరం బళ్ళో ఉన్నప్పుడు వెనక వసారాలో సగం చుట్ట కాల్చి, మిగతా సగాన్ని మర్నాటికి గూట్లో దాచుకునేది. ఒకసారి బడి తొందరగా వదిలితే నేను చూశాను. కంగారు పడలేదు. "దేవుడికి చెప్పుకున్నానే. పాస్టరుగారికి కూడా చెప్పమని బైబిల్లో ఎక్కడుందో చూపించు, చెప్తాను" అన్నది.

చెప్పుకోవడం మా ఇంటి నియమం. సాయంత్రం ఏడు గంటలకు కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన చదివిన తరువాత, ఆ రోజు చేసిన తప్పును ఒక్కొక్కరం ఒక్కటైనా పైకి చెప్పాలి. నాయనమ్మ తప్పులన్నిటికీ వెనక ఒక సమర్థన ఉండేది: "కూరగాయల అతన్ని తిట్టాను ప్రభువా, కాని వాడు తిట్టదగ్గ పనే చేశాడు." అత్తయ్య తప్పులు దాదాపుగా తరగతి గదివే. "ఎనిమిది బి సెక్షనులో వానపాము గుండెల లెక్క తప్పు చెప్పాను" అని కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, అప్పు తీరనట్టుగా చెప్పేది. మర్నాడు ఆ తరగతిలో నల్లబల్ల ఎడమమూలన 'సవరణ' అని రాసి, కింద గీత గీసి, సరైన మాట రాసి, పిల్లలందరి చేతా ఎర్ర సిరాతో రాయించి, బల్లల మధ్య తిరిగి ప్రతి పుస్తకమూ చూసేది. పిల్లలు ఆమెను చాటుగా సవరణ టీచర్ అనేవారు. ఒకసారి జ్వరం వచ్చి బడికి రాని పిల్ల కోసం అత్తయ్య వానలో గొడుగు పట్టుకుని లాలాపేట దాకా నడిచి వెళ్ళింది. ఆ పిల్ల మంచంలో పడుకునే రాసుకున్నది. వాళ్ళమ్మ ఏం జరిగిందో అర్థంకాక టీ పెట్టి ఇచ్చిందట. దీన్ని అత్తయ్య గొప్పగా చెప్పుకోలేదు. గొడుగు ఎందుకు విరిగిందని నాయనమ్మ నిలదీస్తే చెప్పింది.

ఆ బళ్ళో చాలాకాలం పనిచేసి తన దేశానికి వెళ్ళిపోయిన ఒక దొరసానిగారు, తాను చదివేసిన సైన్సు పత్రికలను కట్టగట్టి అత్తయ్య పేర ఓడ మీద పంపేవారు. అయిదారు నెలలకు చేరేవి. కాగితాలకు చెమ్మ వాసన, కట్టుకు జనపతాడు. ఆ కట్ట విప్పడం నా పని. ప్రతి పత్రిక మీదా చేరిన తేదీ ముద్ర వేయాలి; రిజిస్టరులో వరుస సంఖ్య, నెల, ముఖ్యమైన వ్యాసాల పేర్లు రాయాలి; అలమరలో వరుస తప్పకుండా నిలబెట్టాలి. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం ఆ గదిలోనే మొదలైందని అనుకుంటాను.

అలా వచ్చిన ఒక సంచికలో అత్తయ్యకు ఆ జంతువు కనిపించింది. కథ ఇది. ప్రపంచంలో చాలాచోట్ల పాత సముద్రాల రాళ్ళలో, ఇసుక రేణువంత పళ్ళవంటివి దొరుకుతూ వచ్చాయి. నూరేళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు వాటిని ఏరారు, కొలిచారు, పేర్లు పెట్టారు. అవి ఏ జంతువువో మాత్రం తెలియలేదు. ఎముకా గుల్లా లేని మెత్తటి ఒళ్ళు కుళ్ళి నీళ్ళలో కలిసిపోతుంది, పళ్ళు మిగులుతాయి. చివరకు అమెరికాలో మోంటానా అనే ప్రాంతంలో, ముప్పై మూడు కోట్ల ఏళ్ళ నాటి సున్నపురాతి పలకల మధ్య ఒక అచ్చు కనిపించింది. వేలెడు పొడవు. తోకకు రెక్క ఉంది. కళ్ళు లేవు, వెన్నెముక లేదు, తిన్నది బయటకు పోయే దారి కూడా ఎక్కడా కనబడలేదు. కడుపు దగ్గర ఇనుము నిండిన బిళ్ళ వంటిది ఒకటి, అదెందుకో ఎవరికీ తెలియదు. దాని నడిమి ఒంట్లో ఆ పళ్ళున్నాయి. నూరేళ్ళుగా వెతుకుతున్న పళ్ళ యజమాని దొరికాడని పత్రిక రాసింది.

అత్తయ్య ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా మాకు చెప్పింది. అంత సంబరంగా ఆమెను నేను అంతకు ముందు చూడలేదు. నాయనమ్మకు ఒక్క విషయమే పట్టింది. "బయటికి దారి లేదా? అయ్యో పాపం. ఆముదం పట్టించినా ఏం లాభం!" అన్నది. అత్తయ్య నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తాగింది.

ఆ ఏడు జంట నగరాల బళ్ళన్నిటికీ కలిపి సైన్సు పోటీ పెట్టారు. ఆ జంతువు బొమ్మ చేయాలని అత్తయ్య నిర్ణయించింది. పోటీలో నిలబడి వివరించేది నేనని కూడా నిర్ణయించింది. క్రిస్మసు ఆరాధనలో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలను ఆమె ఏటా ఒక డబ్బాలో దాచేది. వాటిని పాత గిన్నెలో కరిగించి, ఇటుకపొడి కలిపి, నా చేయంత పొడవున పోతపోశాం. ఒంటి మెత్తదనం తెలియాలని అత్తయ్య వేడినీళ్ళలో ముంచిన బట్టతో గంటల తరబడి దాని వీపు నిమిరింది. చిక్కంతా పళ్ళతోనే వచ్చింది. కాగితంతో చేస్తే మెత్తబడ్డాయి, అగ్గిపుల్లలు మోటుగా ఉన్నాయి. శనివారం పులుసు తింటూ నాయనమ్మ తన కంచం అంచున వరుసగా పెట్టిన ముళ్ళను చూపించి, "ఇవి పనికిరావేంటే?" అన్నది. మూడు శనివారాల ముళ్ళు బూడిదతో తోమి, వసారాలో ఎండబెట్టి, కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించాను. నూట పన్నెండు. సూది కాల్చి మైనంలో గుంటలు చేసి ఒక్కొక్కటే గుచ్చాం. మేము భోంచేసిన చేప ముళ్ళను ఇంకో జంతువు కడుపులో పెట్టి, ఇవి దీని పళ్ళు అన్నాం. అందులోని వింత అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

పోటీకి పదమూడు రోజుల ముందు మరో కట్ట వచ్చింది. అత్తయ్య గుడిలో స్త్రీల సమాజానికి వెళ్ళింది, నాయనమ్మ కింద పుష్ప వాళ్ళమ్మతో మాట్లాడుతున్నది. కట్టలో అయిదు పత్రికలు. నాలుగింటి మీద ముద్ర వేశాను. అయిదోదాని లోపలి పేజీలో మా జంతువు బొమ్మ చూసి సంతోషంతో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యమే కూడబలుక్కున్నాను. అవే రాళ్ళలో ఆ జంతువులు మరికొన్ని దొరికాయి. కొన్నిటిలో ఆ పళ్ళున్నాయి, కొన్నిటిలో లేవు. కొన్నిటిలో అదే చోట పురుగుల దవడలు, చేపల తునకలు కూడా ఉన్నాయి. అందుచేత అవి దాని పళ్ళు కావు. అది మింగిన జంతువుల పళ్ళు. అందరూ యజమాని అనుకున్నది భోజనం చేసి వచ్చిన అతిథి.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. ఏం జరుగుతుందో నాకు పూర్తిగా తెలుసు. అత్తయ్య ఏడు గంటలకు ప్రార్థనలో చెబుతుంది. మర్నాడు సవరణ రాయిస్తుంది. బొమ్మను పోటీ నుంచి తీసేస్తుంది. నాన్నగారు అప్పటికే సెలవు దొరికిందని, పోటీ చూడటానికి వస్తున్నానని ఉత్తరం రాశారు. రెండేళ్ళుగా నేను ఇంకొకరి ఇంట్లో ఉంటున్న పిల్లను. అత్తయ్య నన్ను ఒక్క మాట అనకపోయినా, ఆ ఇంట్లో నాది అనదగ్గ పని ఒక్కటైనా ఉండాలని నాకు ఉండేది. ఆ బొమ్మ నాది. పత్రికను నా రేకుపెట్టెలో, అడుగున పరిచిన వార్తాపత్రిక కిందికి తోశాను. రిజిస్టరులో నాలుగే రాశాను. వరుస సంఖ్య ఎక్కడా తెగలేదు. చూసిన వాళ్ళెవరికీ అనుమానం రాదు. నేను రాసిన మొదటి తప్పుడు రికార్డు అది, చక్కని దస్తూరిలో. ఆ సాయంత్రం ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు, పుష్ప పెన్సిలు అడగకుండా తీసుకున్నానని చెప్పాను. అది కూడా జరగలేదు.

పోటీ రోజున న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన, మందపాటి కళ్ళద్దాలు, బొమ్మ ముందు చాలాసేపు వంగి నిలబడ్డాడు. తరువాత నన్ను చూసి నెమ్మదిగా అడిగాడు: "అంతా బాగుందమ్మా. పళ్ళయితే నోట్లో ఉండాలి గదా, కడుపు దగ్గరున్నాయేం?"

జవాబు నా దగ్గర రెండు రకాలుగా ఉంది. అత్తయ్య నేర్పింది ఒకటి, రేకుపెట్టెలో ఉన్నది ఇంకొకటి. "ఇవి నమలడానికి కాదండీ, నీళ్ళలోంచి ఆహారం వడగట్టుకోవడానికి" అన్నాను. తడబడలేదు. పెద్దాయన తల ఊపి "శభాష్" అన్నాడు. రెండడుగుల దూరంలో అత్తయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో అప్పుడు కనిపించిన గర్వాన్ని నేను ఆ తరువాత ఎన్నడూ నేరుగా తలుచుకోలేదు. నాన్నగారు అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి వచ్చింది.

బొమ్మను బళ్ళో గాజుపెట్టెలో పెట్టారు. అత్తయ్య ఏటా తొమ్మిదో తరగతికి దాన్ని చూపించి, వెతుకులాట అంటే ఏమిటో, ఓర్పు అంటే ఏమిటో చెప్పేది. పాఠ్యపుస్తకంలో లేని పాఠం. నేను తొమ్మిదికి వచ్చినప్పుడు మొదటి బల్లలో కూర్చుని నేనూ రాసుకున్నాను. చెప్పాలని అనుకోని రోజు లేదు. కాని ఒక్కరోజు ఆలస్యానికి ఒక సంజాయిషీ చాలు, నెల ఆలస్యానికి ఇంకేదో కావాలి, ఏడాదికి నా దగ్గర ఏమీ లేకపోయింది. పదో తరగతి అయ్యాక నాన్నగారి దగ్గరకు వెళ్ళిపోయాను. నాయనమ్మ చనిపోయింది. అత్తయ్య పదవీ విరమణ చేసింది. ఈలోగా స్కాట్లండు రాళ్ళలో ఆ పళ్ళ అసలు యజమాని, మలుగుపాము వంటి చిన్న జీవి, బయటపడింది. మా జంతువుకు టిఫ్లోయీసస్ అని కొత్త పేరు పెట్టారు, గుడ్డిదని అర్థమట. కొద్ది ఏళ్ళ కిందట, దానికి సొంత పళ్ళు కూడా ఉన్నాయని తేలింది: గొంతు లోపల, వెనక్కి వంగిన అతిచిన్న వరుసలు, నత్తల నాలుక మీద ఉండేటటువంటివి. ఈ వార్తలన్నీ నేను డైరీలో ఎక్కించాను, చదివిన తేదీతో సహా. అప్పట్లో ఒక సంగతి మా పదిహేడు మెట్లు ఎక్కడానికి ఆరు నెలలు పట్టేది, వచ్చాక దాన్ని ఒక పదమూడేళ్ళ పిల్ల రేకుపెట్టెలో దాచేయగలిగేది. ఇప్పుడు అదే సంగతి నా ఫోనులోకి ఒక్క రోజులో వచ్చి పడింది. ఎవరూ దాచలేదు. ఎవరూ ముద్ర వేసి అలమరలో నిలబెట్టలేదు కూడా. అర నిమిషంలో కిందికి జారిపోయింది. ఏ కాలం మేలో నేను తేల్చలేను. అలమర ఉన్న ఇంట్లో దొంగతనానికి ఒక గుర్తు మిగులుతుంది, అంతవరకు చెప్పగలను.

సన్మానానికి ఎనిమిది రోజులుండగా, శనివారం పొద్దున, యాప్రాల్‌లో మా అపార్టుమెంటు నుంచి సైనిక్‌పురి వెళ్ళాను. అత్తయ్య అక్కడ ఒక పాత ఇంటి కింది వాటాలో ఉంటుంది. కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు సహకరించవు, అయినా చేతి గడియారం లోపలివైపే. నన్ను చూడగానే, "మంచి సమయానికి వచ్చావు. కూర్చో. పదిహేను నిమిషాల పాఠం. నేను చెబుతాను, నువ్వు గడియారం చూడు" అన్నది. కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడి మొదలుపెట్టింది. రాళ్ళు, రేణువంత పళ్ళు, నూరేళ్ళ వెతుకులాట. గొంతు సన్నబడింది గాని వాక్యాలు నాకు గుర్తున్న వాక్యాలే. "చివరకు యజమాని దొరికాడు" అనే మాట దగ్గరకు వచ్చింది.

"అత్తయ్యా, ఆ పళ్ళు దానివి కావు."

"ఏమిటీ?"

సంచీలోంచి పత్రిక తీసి ఆమె చేతిలో పెట్టాను. కంటికి దగ్గరగా పట్టుకుని, భూతద్దంతో అట్ట మీద నెల చదివింది. బొటనవేలితో పైమూల తడిమింది.

"ముద్ర లేదే."

"నేను వెయ్యలేదు."

"ఎప్పుడొచ్చింది ఇది?"

తేదీ చెప్పాను. డైరీ చూడనవసరం లేని తేదీ అది.

"అంటే పోటీకి ముందు" అన్నది అత్తయ్య.

"పదమూడు రోజుల ముందు."

ఆమె కూర్చున్నది. "చదువు" అన్నది. వ్యాసమంతా ఒక్కొక్క వాక్యమూ చదివి తెలుగులో చెప్పాను. ఆ తరువాత వచ్చిన సంగతులన్నీ చెప్పాను, గొంతులోని పళ్ళతో సహా. ఆమె మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది, రెండూ జంతువు గురించే. అంతా అయ్యాక నా వైపు చూడకుండా, "అప్పుడు నీ ఇంగ్లీషు అంతగా లేదు. బహుశా నీకు అర్థమై ఉండదు" అన్నది.

నాకు తప్పుకోవడానికి దారి ఇస్తున్నదని తెలుస్తూనే ఉంది.

"అర్థమైంది అత్తయ్యా."

"ఆ పెద్దాయన అడిగినప్పుడు?"

"తెలిసే చెప్పాను."

బయట ఎవరో మామిడికాయలు అమ్ముతూ వెళ్ళారు. తరువాత అత్తయ్య, "లెక్క రాసుకో" అన్నది. "ఆ తరువాత నా సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఏటా రెండు సెక్షన్లు. సెక్షనుకు నలభై మంది వేసుకో."

"పదిహేడు వందల అరవై."

"ఒక ఏడు పైకప్పు కారుతుంటే రెండు సెక్షన్లనూ కలిపి ఒక్కటే చేశారు. నలభై తీసెయ్యి."

"పదిహేడు వందల ఇరవై."

"పదిహేడు వందల ఇరవై" అని మెల్లగా మళ్ళీ అన్నది. "ఒక్కరో ఇద్దరో అయితే ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చేదాన్ని, రూతూ." పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకున్నది. "ఇవాళ్టికి నువ్వు వెళ్ళమ్మా."

ఆ ఎనిమిది రోజులూ అత్తయ్య నాకు ఫోను చేయలేదు. నేను చేస్తే పనిమనిషి ఎత్తి, అమ్మగారు పడుకున్నారనేది. పగలు పదకొండింటికి పడుకునే మనిషి కాదు. ఆమె పాఠం మానుకుంటుందేమో, సభకే రాదేమో అని భయపడ్డాను. అంతకన్నా, నన్ను ఇక ఎన్నడూ ఏదీ అడగదేమో అన్నది అసలు భయం. చివరి రోజున పుష్ప ఫోను వచ్చింది. "టీచర్‌కు ఏమైందే? నల్లబల్ల గావాల్నంటది. గిప్పుడు నల్లబల్ల యాడ దొరుకుతది, అన్ని బళ్ళల్ల తెల్లవే ఉన్నయి! గీ తక్లీఫ్ అంత నాకే." ఎక్కడో ట్యూషన్లు చెప్పే ఆయన దగ్గర దొరికిందట.

హాలులో డెబ్బై మంది కాదు, తొంభై నలుగురు వచ్చారు. లెక్కపెట్టాను. జుట్టు నెరిసినవాళ్ళు, రంగు వేసుకున్నవాళ్ళు, మనవల ఫొటోలు చూపించుకునేవాళ్ళు. బొమ్మను బల్ల మీద పెట్టారు. మైనం పసుపెక్కింది, తోకరెక్క విరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు. అత్తయ్య దండ తీసి పక్కన పెట్టి, కర్ర ఊతంగా నల్లబల్ల దగ్గరకు వెళ్ళి, ఎడమమూలన 'సవరణ' అని రాసింది. హాలంతా నవ్వు. కింద గీత గీసింది. నవ్వు తగ్గింది.

"ఈ బొమ్మను చూపించి మీకందరికీ నేను చెప్పిన పాఠం తప్పు" అన్నది. పళ్ళు ఎవరివో, అవి దాని కడుపులోకి ఎలా వచ్చాయో అయిదు నిమిషాల్లో చెప్పింది. తరువాత నా వైపు తిరిగింది. "నాది నేను చెప్పాను. ఇంకొంత ఉంది. అది ఈమె చెబుతుంది."

నాలుగు వాక్యాలు చెప్పాను. పత్రిక వచ్చింది. చదివాను. దాచాను. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. రెండో వరుసలోంచి పుష్ప గొంతు లేచింది. "అరెరె! ఇన్నేండ్ల సంది నా దోస్తు అనుకుంట తిరుగుతున్న, ఇది చూస్తే పెద్ద దొంగ ఉన్నది గదనే! గా ప్రైజు వాపసియ్యి ముందుగాల!" హాలు హాలంతా ఘొల్లుమన్నది. నాకు ఆ నవ్వు సాయం చేయలేదు. నేను అత్తయ్యను చూస్తున్నాను. ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు. సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ నిశ్శబ్దం కోసం ఆగి, "ప్రశ్నలున్నాయా?" అన్నది.

పుష్పే చెయ్యెత్తింది. "మరి గదేం జంతువు టీచర్? చేప కాదంటిరి, పళ్ళు దానియి కావంటిరి."

"నత్తలకు దూరపు బంధువు కావచ్చని కొందరు అంటున్నారు. కాకపోవచ్చని కొందరు. ఇప్పటికైతే తెలియదు."

"తెల్వదా?"

"తెలియదు. తెలియదని రాసుకోండి. అందరూ."

ఆమె వేళాకోళం ఆడటం లేదని అందరికీ అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తరువాత తొంభై నలుగురు ఆడవాళ్ళు చేతిసంచులు తెరిచారు. పెన్నుల కోసం వెతుకులాట, కళ్ళజోళ్ళ కోసం వెతుకులాట. ఆహ్వాన పత్రం వెనక రాసేవాళ్ళు, మందుల చీటీ మీద రాసేవాళ్ళు, ఫోనులో వేలితో కొట్టేవాళ్ళు. ఒకామె కాగితం దొరక్క అరచేతిలో రాసుకుంటున్నది. అత్తయ్య కర్ర మీద వాలి, ఆ మసక కళ్ళతో వరుసల వైపు చూసింది. ఆ దూరానికి ఆమెకు ఏమీ కనబడదని నాకు తెలుసు.

"రూతూ" అన్నది, ఎనిమిది రోజుల తరువాత మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలుస్తూ. "నాకు ఆనడం లేదు. నువ్వు వెళ్ళి అందరూ సరిగ్గా రాశారో లేదో చూసి రా. ఎవరైనా తప్పు రాస్తే నాకు చెప్పు."

మెట్లు దిగి మొదటి వరుసలో మొదటి కుర్చీ దగ్గర వంగి నిలబడ్డాను. "జెర ఆగే, ఇంక రాస్తున్న" అని వెనక వరుసలోంచి పుష్ప అప్పుడే చేత్తో కాగితం కప్పుకున్నది.